యాభై వేలు, ఏడు రోజులు, ఒక్క కడుపు: పెనాంగా, హనోయా, బ్యాంకాకా, జాఫ్నానా?

మా అక్క కూతురు ఒంగోల్లో ఉద్యోగం చేస్తుంది. పోయిన నెల ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "పిన్నీ, యాభై వేలు దాచుకున్నా. వారం సెలవుంది. ఒక్కదాన్నే ఏదో ఒక దేశం పోయి తిని రావాలి. గుళ్ళు, బీచ్‌లు, షాపింగ్ ఏమీ వద్దు. ఎక్కడికి పొమ్మంటావు?"

నేను నెల్లూరులో రైస్ మిల్లు లెక్కలు రాసుకునే మనిషిని. ఈ మధ్య కొన్నేళ్లలో నాలుగుసార్లు ఇలాగే ఒంటరిగా, ఇలాంటి బడ్జెట్‌తోనే తిండి కోసం పోయొచ్చాను. మా ఇళ్లల్లో దీన్ని పిచ్చి అంటారు. ఆ పిచ్చి మా పిల్లకీ అంటినందుకు అక్కకి నా మీద కోపంగా ఉంది. అది వేరే సంగతి.

ఆ రాత్రి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అందరూ ముందు టికెట్ యాప్ తెరుస్తారు. ఎక్కడికి చౌకగా ఉంటే అక్కడికి బుక్ చేసేస్తారు. నా మొదటి ప్రయాణం బ్యాంకాక్‌కి అలాగే జరిగింది. టికెట్ మీద నాలుగు వేలు మిగిలాయి, కానీ తిండి దగ్గర నష్టపోయాను. ఎలాగో చెప్తా. నలుగురు కలిసి పోతే నాలుగు ప్లేట్లు చెప్పి తలా కాస్త తినొచ్చు. ఒక్కరే పోతే చెప్పిన ప్లేటంతా మనమే తినాలి. మధ్యాహ్నం ఒక పెద్ద ప్లేటు ఖాళీ చేస్తే సాయంత్రం ఆరింటి దాకా ఇంకేం దిగదు. అంటే విమానమెక్కి పోయి రోజుకి మూడు రకాలు తిని రావడమే. అందుకని నేను ఇప్పుడు చూసేది ముందుగా మూడు విషయాలు: ప్లేటు ఎంత చిన్నది, ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి నడిచిపోవచ్చా, మనం తినని మాంసం అక్కడ ఎన్నింటిలో పడుతుంది. టికెట్ ధర నాలుగోది.

మా అమ్మాయి చేపలు, రొయ్యలు, కోడి తింటుంది. పంది, గొడ్డు మాంసం తినదు. మనలో చాలామంది ఇంతే కాబట్టి ఈ పోలికంతా ఆ లెక్కలోనే చేస్తున్నాను. శాకాహారులకి చివర్లో వేరే మాట ఉంది.

పెనాంగ్

మొదటిసారి ఒంటరిగా పోయేవాళ్లకి నా ఓటు దీనికే. మలేషియాలో ఇదొక దీవి. తిండి సంగతంతా జార్జ్‌టౌన్ అనే పాత ఊళ్ళో ఉంటుంది. 2008లో ఈ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మా నెల్లూరు ట్రంక్ రోడ్డు సందుల్లో తిరిగినట్టు తిరగొచ్చు. పొద్దున్నే బయల్దేరితే చైనా కొట్టు, మలయ్ కొట్టు, తమిళ ముస్లిం కొట్టు అన్నీ పావుగంట నడకలో తగులుతాయి. నడక చేతగాని పూట ఊరి మధ్యలో తిరిగే క్యాట్ బస్సు ఉంది, దానికి టికెట్టే లేదు.

అక్కడ కాఫీ కొట్టు ఒకరిది, అందులోని తిండి బండ్లు వేరేవాళ్లవి. మనం బల్ల దగ్గర కూర్చుని, బల్ల నంబరు చూసుకుని, నచ్చిన బండి దగ్గరికి పోయి చెప్పి రావాలి. తెచ్చిచ్చాక డబ్బులు. కాఫీయో టీయో మాత్రం కొట్టు యజమాని దగ్గర తీసుకోవాలి. తీసుకోకపోతే కొన్నిచోట్ల కూర్చున్నందుకు కాస్త డబ్బు వేస్తారు. ప్లేట్లు చిన్నవి. చాలాచోట్ల చిన్నది, పెద్దది అని రెండు ధరలుంటాయి. కళ్లు మూసుకుని చిన్నది చెప్పండి. చిన్నవి చెప్పుకుంటూ పోతే నేను రోజుకి ఆరు రకాలు తినగలిగాను. ఒకరోజు ఏడు.

ఇక అసాం లక్సా గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, నెల్లూరు మనిషిని కదా. గిన్నె అడుగున లావుపాటి బియ్యప్పిండి నూడుల్స్. వాటి మీద కానాగంత చేపలు ఉడకబెట్టి, ముళ్ళు తీసి, చిదిమి కలిపిన పులుసు. పులుపు చింతపండుదే. పైన కీరా, ఉల్లి, అనాసపండు సన్నగా తరిగి, నాలుగు పుదీనా ఆకులు వేస్తారు. ఇవన్నీ వేశాక గిన్నె అంచున ఒక చెంచా, అందులో తారులాగా నల్లగా, జిగటగా రొయ్యల ముద్ద. మొదటి గుక్కకి మా అమ్మ చేపల పులుసు గుర్తొచ్చింది. రెండో గుక్కకి ఆ గుర్తు చెదిరిపోయింది. మెంతుల వాసన లేదు, పైన నూనె తేలడం లేదు, మనం మామిడికాయ ముక్క వేసే చోట అనాస తీపి తగులుతోంది. ఏదో వెలితిగా ఉందే అనుకుంటూ తింటున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలావిడ నా చెంచా వైపు వేలు పెట్టి చూపించి, గిన్నెలో గిరగిరా తిప్పినట్టు సైగ చేసింది. నల్ల ముద్ద కలిపాను. పులుసు రంగు ముదిరింది, అంతవరకూ విడివిడిగా ఉన్న పులుపు, తీపి, కారం ఒక్కటయ్యాయి. మన పులుసుని మరుసటి రోజు తిన్నప్పుడు ఉంటుంది చూడండి, ఆ చిక్కదనం. ఆ గిన్నె ఏడు రింగిట్లు. రింగిట్ ఇరవై రూపాయల పైచిలుకు అనుకోండి, నూట యాభై అయింది.

రెండోది నాసి కందర్. నాసి అంటే అన్నం. కందర్ అంటే కావడి. పూర్వం తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు కట్టుకుని వీధుల్లో అమ్మేవాళ్లు, ఆ పేరే నిలిచిపోయింది. అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోయించుకోవాలి. "బంజీర్" అంటే వరదలాగా పోస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ధరలు రాసి ఉండవు చాలాచోట్ల. నేను మొదటిరోజు ఉత్సాహంగా పెద్ద రొయ్య, కణవ (స్క్విడ్), చేపగుడ్లు అన్నీ వేయించుకున్నాను. బిల్లు 34 రింగిట్లు! కోడి ముక్క, బెండకాయ, గుడ్డుతో ఆపుకుంటే పన్నెండు దాటేది కాదు. పెద్ద రొయ్య జోలికి మనం పోనక్కర్లేదు. రొయ్యల చెరువుల మధ్య పుట్టిన వాళ్లం, అంత డబ్బు పెట్టి అక్కడ తినడమెందుకు?

పెనాంగ్‌లో బాగా పేరున్నది చార్ కువే టియావ్, పెద్ద మంట మీద వేయించిన వెడల్పాటి నూడుల్స్. చైనా కొట్లలో సాధారణంగా పంది కొవ్వులో వేయిస్తారు. పంది తినని వాళ్లు మలయ్, ముస్లిం కొట్లలో హలాల్ బోర్డు చూసి తినాలి. రుచి కొంచెం తేడాగానే ఉంటుంది, ఆ మాట దాచను. ఎండ వేళ చెండోల్ తాగండి. కొబ్బరిపాలు, మంచు తురుము, తాటిబెల్లం లాంటి బెల్లం పాకం.

భారతీయులకి 2023 డిసెంబరు నుంచి 30 రోజుల దాకా మలేషియా వీసా అడగడం లేదు. ఈ సౌకర్యం 2026 డిసెంబరు 31 వరకు అని ప్రకటించారు. ప్రయాణానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే మూసేయండి. చెన్నై నుంచి పెనాంగ్‌కి 2024 డిసెంబరులో ఇండిగో నేరు విమానం మొదలుపెట్టింది. మీ తేదీలకి అది దొరక్కపోతే కౌలాలంపూర్‌లో మారాలి.

హనోయ్

ధరలు చూస్తే నాలుగింటిలో మహా చౌక తిండి ఇక్కడే. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. గిన్నెడు ఫో, అంటే బియ్యపు నూడుల్స్ సూపు, యాభై వేల డాంగ్‌ల ప్రాంతంలో వస్తుంది. మన లెక్కలో నూట డెబ్బై రూపాయలు. బాన్ మీ అనే రొట్టె దానికి సగం. పాత బస్తీ పేటలో ఒక్కో కొట్టు ఒక్క వంటకమే చేస్తుంది, అయిపోతే మూసేస్తుంది. పేవ్‌మెంట్ మీద అంగన్‌వాడీ పిల్లల కుర్చీల్లాంటి ప్లాస్టిక్ స్టూళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

చిక్కంతా మాంసంతోనే. ఫో ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు. "ఫో గా" అని అడిగితే కోడిది ఇస్తారు, ఆ ముక్క నేర్చుకుని పోండి. హనోయ్‌కి మధ్యాహ్నపు ప్రాణం లాంటి బున్ చా పూర్తిగా పంది మాంసమే. బొగ్గుల మీద కాల్చి, తియ్యటి చేప సాస్ నీళ్లలో వేసి, నూడుల్స్, ఆకులతో ఇస్తారు. 2016లో ఒబామా, టీవీలో తిండి ప్రయాణాలు చూపించే ఆంథొనీ బోర్డైన్ కూర్చుని తిన్నది అదే. ఆ వాసన వీధంతా ఉంటే పక్కన నిలబడి చూస్తూ పోవాల్సి వచ్చింది నాకు. పంది తినేవాళ్లయితే నేను పైన పెనాంగ్‌కి వేసిన ఓటు వెనక్కి తీసుకుని హనోయ్‌కే వేస్తాను. తినని వాళ్లకి సగం ఊరు మూసి ఉన్నట్టే. మిగిలిన సగంలో పసుపు, సోయికూర (డిల్) ఆకులతో వేయించిన చేప చా కా, గుడ్డు సొన నురగలాగా గిలకొట్టి పోసే కాఫీ ఉన్నాయి. ఆ గుడ్డు కాఫీ 1946 నాటి నుంచి ఉందట. పాలు దొరకని రోజుల్లో పుట్టింది. నీచు వాసన వస్తుందేమోనని భయపడ్డాను, రాలేదు.

వీసా ముందే తీసుకోవాలి. ఈ-వీసాకి ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైటులో మనమే చేసుకోవచ్చు. నాకు తెలియక మా ఊళ్ళో ఒక ఏజెంటుకి దానికి రెట్టింపు ఇచ్చాను. పైగా ఇంటిపేరు, పేరు తారుమారు చేసి నింపాడు. మన తెలుగు పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఎక్కడుందో చూసుకుని, ఉన్నది ఉన్నట్టు అక్షరం మారకుండా రాయాలి. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ వారం టెన్షన్ పడ్డాను.

ఇంకొకటి, నోట్లు. ఇరవై వేల డాంగ్‌ల నోటు, అయిదు లక్షల నోటు రెండూ నీలం రంగే. రాత్రి దీపాల వెలుతురులో బాన్ మీ అమ్మేవాడికి నేను అయిదు లక్షలది ఇచ్చాను. మన డబ్బుల్లో సుమారు పదిహేడు వందలు. అతను నోటు నా ముఖం ముందు పెట్టి సున్నాలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి చూపించి తిరిగిచ్చాడు. ఆ రాత్రే రెండింటినీ వేరువేరు పర్సుల్లో పెట్టుకున్నాను.

బ్యాంకాక్

చెన్నై నుంచి మూడున్నర గంటలు, టికెట్లు విరివిగా ఉంటాయి, రుచులకి లోటే లేదు. అయినా మూడో స్థానమే ఇస్తాను. ఊరు మరీ పెద్దది, మంచి తిండి విసిరేసినట్టు దూరదూరంగా ఉంటుంది. ఒకటి యావరాత్ అనే చైనా పేటలో, ఇంకొకటి నది అవతల వాంగ్‌లాంగ్‌లో. రైలుకీ పడవకీ పెట్టే డబ్బుకంటే, ఆ ఎండలో పోయే సమయం బాధిస్తుంది. రోజుకి నాలుగు రకాలు దాటలేదు నాకు. వీధి తిండి యాభై, అరవై బాట్ల నుంచి మొదలు. బాట్‌ని రెండున్నర నుంచి మూడు రూపాయలుగా వేసుకోండి. ఎండకి తట్టుకోలేకపోతే మాల్స్‌లోని ఫుడ్ కోర్టులకి పోండి, అవి అక్కడ చౌకే. ఏటీఎంలో డబ్బు తీస్తే మన కార్డుకి ప్రతిసారీ 200 బాట్ల పైనే పడుతుంది కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయొద్దు. వీసా లేకుండా 60 రోజులని 2024 జూలైలో పెట్టారు. ఇలాంటివి మారుతుంటాయి, టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం సైటు చూసుకోవాలి. స్నేహితులతో పోయేవాళ్లకి మాత్రం బ్యాంకాకే మంచిది.

జాఫ్నా

యాభై వేలు కూడా లేవు, ముప్పై వేలే ఉన్నాయంటే శ్రీలంకలో జాఫ్నా. చెన్నై నుంచి చిన్న విమానం, గంటన్నరలో దిగుతాం. తమిళం రెండు ముక్కలొస్తే చాలు, గూడూరు దాటి సూళ్లూరుపేట పోయినట్టే ఉంటుంది. అదే దాని లోపం కూడా. ఇడియాప్పం, పిట్టు, దోశ అంటే మనకి పెద్ద వింతేమీ కాదు.

కానీ ఒడియల్ కూల్ కోసం నేను మళ్ళీ పోతాను. తేగలు ఎండబెట్టి పిండి కొట్టి, ఆ పిండితో చింతపండు పులుసు చిక్కబరుస్తారు. అందులో చేపలు, పీతలు, రొయ్యలు, పనసగింజలు, కర్రపెండలం అన్నీ వేసి కారం దట్టిస్తారు. సంక్రాంతికి కాల్చుకుని తిని పీచు ఊసేసే మన తేగలతో ఇంత చేయొచ్చని నాకు నలభై ఏళ్లొచ్చేదాకా తెలియదు. పీతల కూర సంగతి చెప్పక్కర్లేదు. నల్లూరు కందస్వామి గుడి ఉత్సవాలు ఏడాదిని బట్టి జూలై, సెప్టెంబరు నెలల మధ్యలో 25 రోజులు జరుగుతాయి. ఆ రోజుల్లో ఊళ్ళో చాలామంది మాంసం ముట్టరు, పీతల కోసం పోయేవాళ్లు అప్పుడు పోవద్దు. హాస్టల్ పడకలు పెద్దగా దొరకవు, గెస్ట్‌హౌస్ గది తీసుకోవాలి. ఆ ఖర్చొక్కటే ఇక్కడ ఎక్కువ.

సింగపూర్ ఎందుకు లేదని అడుగుతారు. వీధి బండ్ల తిండి అక్కడ నిజంగా చౌకే, ఆ సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది కూడా. కానీ పడుకునే మంచానికి ఇచ్చే డబ్బుతో పెనాంగ్‌లో రెండు రోజులు తినొచ్చు. బంధువుల ఇల్లుంటే పోండి.

శాకాహారులకి

థాయ్‌లాండ్‌లో చేప సాస్ పడని కూర అరుదు. "జే" అని పసుపు జెండా మీద ఎర్రక్షరాలు కనిపిస్తే అక్కడ మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. తరచుగా మన దసరా నవరాత్రుల రోజుల్లోనే చైనా వాళ్ల తొమ్మిది రోజుల శాకాహార వ్రతం వస్తుంది. అప్పుడు బ్యాంకాక్ చైనా పేటలోనూ, పెనాంగ్‌లోనూ వీధులనిండా పసుపు జెండాలే. శాకాహారులు తేదీలు చూసుకుని అప్పుడే పోవాలి. హనోయ్‌లో "చాయ్" అని రాసి ఉన్న కొట్లు వెతకండి, టీ అనుకోకండి, శాకాహారం అని అర్థం. వాళ్ల చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో తేదీన, పౌర్ణమినాడు అక్కడ చాలామంది మాంసం మానేస్తారు. జాఫ్నాకి శాకాహారులు ఏ భయమూ లేకుండా పోవచ్చు.

డబ్బు, రైలు, వాన

నాకు పెనాంగ్‌కి విమానం 22 వేలు అయింది, ఏడు కిలోల చేతిసంచితో. ఆడవాళ్ల డార్మిటరీలో మంచం ఆరు రాత్రులకి అయిదు వేల పైన. తిండికి రోజుకి పదకొండు వందల చొప్పున ఎనిమిది వేలు. బస్సులు, సిమ్, ఇన్సూరెన్స్, చెన్నై రాకపోకలు కలిపి నాలుగు వేలు. ముప్పై తొమ్మిది, నలభై మధ్యలో తేలింది. మిగతా పదివేలు ముట్టుకోవద్దని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. హనోయ్‌కి తిండి, మంచం రెండూ తగ్గాయి, కానీ మారి మారి పోయే విమానం, వీసా కలిసి చివరికి అంతే అయింది. బ్యాంకాక్ ముప్పై అయిదులో, జాఫ్నా ముప్పై లోపు. అక్కడి ఏటీఎం "మీ రూపాయల్లోనే తీసుకోనా" అని అడిగితే వద్దని, ఆ దేశపు డబ్బులోనే తీయించుకోండి. రూపాయలంటే వాళ్ల రేటు కడతారు.

ఈ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉంటాయి. సాయంత్రానికల్లా రైల్లో చెన్నై సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయం లోపలికి పోవచ్చు. నవంబరు, డిసెంబరు నెలల్లో మాత్రం ముందురోజే చెన్నై చేరండి. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, కోవూరు దగ్గర హైవే కూడా తెగింది. ఒంగోలు వాళ్లకి ఏరు దాటే దారే లేదప్పుడు. జాఫ్నాకీ మనకీ వానలు ఒకే కాలంలో కాబట్టి ఆ నెలల్లో అటు అసలు వద్దు.

చైనా కొత్త సంవత్సరం నాలుగైదు రోజులు పెనాంగ్ బండ్లు, హనోయ్ కొట్లు చాలావరకు మూతే. 2027లో అది ఫిబ్రవరి 6న వస్తోంది. రంజాన్ నెలలో పెనాంగ్ ముస్లిం కొట్లలో పగలు తిండి తక్కువ, సాయంత్రం బజార్లు మాత్రం కళకళలాడతాయి.

ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టకండి. చెన్నైలో తనిఖీ దగ్గర నాది తీసి పక్కన పెట్టేశారు. అమ్మ కొత్తగా కలిపింది.

ఇదంతా విన్నాక మా అమ్మాయి పెనాంగ్ అనే నిర్ణయించుకుంది. టికెట్ కూడా తీసుకుంది. మొన్న మళ్ళీ ఫోన్ చేసి, కాస్త గొంతు తగ్గించి, "ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే అందరూ చూస్తారేమో పిన్నీ" అంది. ఆ భయం నాకు తెలుసు. మన దగ్గర హోటల్‌కి ఆడమనిషి ఒక్కతే పోతే సర్వర్ "ఎంతమంది మేడమ్?" అని అడిగి, ఒక్కదాన్నే అన్నాక కూడా మన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూస్తాడు. పెనాంగ్‌లో నేను మొదటి ఉదయం అలా జంకుతూనే గుమ్మంలో నిలబడ్డాను. బనియన్‌లో ఉన్న పెద్దాయన తడిగుడ్డతో బల్ల ఒకసారి తుడిచి, నన్ను కూర్చోమన్నట్టు స్టూలు లాగి, ఒక్క మాటే అడిగాడు: తాగడానికి ఏం కావాలి?